దారి ఖాళీయా, బ్యాటరీ అయిపోయిందా?

చూపు లేనివారికి అడ్డంకులను వైబ్రేషన్‌తో చెప్పే కర్రను ప్రాజెక్టుగా తీసుకునే విద్యార్థులు విజయవాడ, గుంటూరుల్లో ఉంటారు. వాళ్లకోసం ఇది రాస్తున్నాను. ఇలాంటి కర్రల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది. మోటారు కదలకపోతే దారి ఖాళీగా ఉందని వాడేవారు నమ్మాలి. కానీ బ్యాటరీ అయిపోయినా, వైరు తెగినా కూడా మోటారు కదలదు. వినగలిగిన మనిషికి వీధి చప్పుళ్లయినా ఆసరా. చూపు, వినికిడి రెండూ లేని మనిషికి ఆ ఆసరా లేదు. అందుకే ‘పనిచేస్తున్నాను’ అన్న సంకేతాన్నే ప్రోగ్రామ్‌లో మొదట రాయండి. ప్రతి 10 సెకన్లకు ఒక చిన్న తట్టు చాలు.

ఆ తట్టును ఊరికే టైమర్‌కు కట్టేస్తే లాభం లేదు. సెన్సార్ చచ్చినా టైమర్ తడుతూనే ఉంటుంది. హెచ్‌సీ-ఎస్ఆర్04 అనేది ధ్వనిని పంపి, ప్రతిధ్వనితో దూరం కొలిచే సెన్సార్. దానికి 10 మైక్రోసెకన్ల ట్రిగ్గర్ (కొలవమని చెప్పే చిన్న పల్స్) ఇవ్వగానే జవాబు చెప్పే ఎకో పిన్ వోల్టేజీ పైకి లేవాలి. ఎదుట ఏమీ లేకపోయినా లేస్తుంది, కాసేపటికి తనంతట తానే దిగుతుంది. వైరు తెగితే అసలు లేవదు. పల్స్‌ఇన్ అనే, పిన్ ఎంతసేపు లేచి ఉందో కొలిచే ఫంక్షన్ మాత్రం ఈ రెండు సందర్భాల్లోనూ సున్నాయే ఇవ్వవచ్చు. కాబట్టి పిన్ లేచిందా లేదా అన్నది విడిగా చూసి, లేస్తేనే తట్టండి.

బ్యాటరీ విషయమూ అంతే. 18650 అనే లిథియం సెల్ నుంచి బూస్ట్ మాడ్యూల్ (వోల్టేజీ పెంచే చిన్న బోర్డు) చివరిదాకా 5 వోల్టులే ఇస్తుంది, తర్వాత ఒక్కసారిగా ఆగిపోతుంది. 5 వోల్టుల లైను కొలిస్తే ముందస్తు హెచ్చరిక దొరకదు. బూస్ట్‌కు ముందు, సెల్ దగ్గరే కొలవండి. 3.4 వోల్టులకు దిగగానే మూడు పొడుగాటి వైబ్రేషన్లు ఇవ్వండి.

ఇక మోటారు. నాణెంలా ఉండే 10 మి.మీ. కాయిన్ మోటారు 3 వోల్టుల దగ్గర దాదాపు 70–80 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో నానో పిన్ మీద 20 మిల్లీ ఆంపియర్లకు మించి వేయకూడదు. మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, దాని బేస్‌కు 1 కిలోఓమ్ రెసిస్టర్, మోటారుకు వరసలో 22 ఓమ్‌ల రెసిస్టర్, మోటారు రెండు వైర్ల మధ్య అడ్డంగా 1ఎన్4148 డయోడ్ పెట్టండి. డయోడ్ లేకపోతే మోటారు ఆగినప్పుడల్లా వచ్చే వోల్టేజీ పోటుకు ట్రాన్సిస్టర్ దెబ్బతినవచ్చు, నానో రీసెట్ కూడా కావచ్చు. సప్లై దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా ఉండాలి. కాయిన్ మోటారు వైర్లు వెంట్రుకల్లా ఉంటాయి, సోల్డర్ చేసిన చోటే తెగుతాయి. అక్కడ గ్లూ గన్‌తో ఒక బొట్టు వేయండి.

మోటారును పిడికి గట్టిగా అంటించకండి. గరుకు సిమెంటు రోడ్డు మీద కర్ర మొన రాసుకుంటుంటే ఆ అదురు పిడిదాకా వస్తుంది, దాంట్లో మోటారు అదురు కలిసిపోతుంది. చూపుడువేలు ఆనే చోట చిన్న ఫోమ్ ముక్క వేసి దాని మీద మోటారు పెడితే రెంటికీ తేడా తెలుస్తుంది.

సెన్సార్‌ను పిడి దగ్గర, నేలకు సమాంతరంగా కాదు, 20–25 డిగ్రీలు పైకి ఎత్తి బిగించాలి. పిడి నేల నుంచి 90 సెం.మీ. ఎత్తున ఉంటే, మీటరున్నర దూరంలో దాని చూపు దాదాపు 145–160 సెం.మీ. ఎత్తుకు వెళ్తుంది. ఆగి ఉన్న లారీ వెనక బల్ల, కొట్ల ముందు దించిన రేకు, వంగిన కొమ్మ ఆ ఎత్తులోనే తగులుతాయి. వాటి కింద కర్ర ఖాళీగా దూరిపోతుంది. గుంటలు, మూతలేని డ్రైనేజీ, కిందికి దిగే మెట్లు మాత్రం ఈ సెన్సార్‌కు తెలియవు. అవి కర్ర మొనకే తెలియాలి. కర్ర తీసేసి సెన్సార్ ఒక్కటే చేతికి కట్టే నమూనాలు నాకు భయం కలిగిస్తాయి.

దూరాల లెక్క నడక నుంచి రావాలి. మనిషి సెకనుకు మీటరు నడుస్తున్నాడనుకోండి. మూడు కొలతలు తీసి మధ్యదాన్ని ఎంచడానికి 0.2 సెకను, మోటారు తిరగడానికి 0.1, మనిషి ఆగడానికి అర సెకను. అప్పటికే 80 సెం.మీ. ముందుకు వెళ్లిపోయారు. అందుకే ఖాళీ రోడ్డు మీద హెచ్చరిక 2 మీటర్ల దగ్గరే మొదలవ్వాలి. విజయవాడ బీసెంట్ రోడ్డు సాయంత్రం రద్దీలో అదే 2 మీటర్లు పెడితే కర్ర ఊపిరి తీసుకోకుండా అదురుతుంది. రద్దీకి 1 మీటరు పెట్టి, రెంటి మధ్య మార్చడానికి వేలికి తెలిసే ఒక స్విచ్ ఇవ్వండి.

దూరం చెప్పే సంకేతాలు మూడు మించొద్దు. దూరంగా ఉంటే 150 మిల్లీసెకన్లు అదిరి 600 ఆగడం, దగ్గరైతే 150 అదిరి 200 ఆగడం, అర మీటరు లోపల ఆగకుండా. 100 కంటే చిన్న తట్టులో మోటారు పూర్తిగా వేగం అందుకోదు. పైగా ఆగని వైబ్రేషన్‌కు చర్మం త్వరగా అలవాటుపడి మొద్దుబారుతుంది. బస్టాండులో టికెట్ క్యూలో నిలబడినప్పుడు ముందు మనిషి వీపుకే కర్ర అదురుతూ ఉంటుంది. దూరం 3 సెకన్లపాటు మారకపోతే అదురు ఆపేసి పది సెకన్లకోసారి ఇచ్చే తట్టుకు తిరిగి వెళ్లేలా రాయండి.

మన ఎండల సంగతి అడుగుతారు. 42 డిగ్రీల్లో ధ్వని వేగం సెకనుకు దాదాపు 357 మీటర్లు, ప్రోగ్రామ్‌లో రాసే 343 అన్నది 20 డిగ్రీల లెక్క. 2 మీటర్లకు 8 సెం.మీ. తేడా, పట్టించుకోనక్కర్లేదు. ఏటవాలు నున్నటి కారు తలుపు, మెత్తటి బట్టల దొంతర అసలు సమస్య. మొదటిది ధ్వనిని పక్కకు తోసేస్తుంది, రెండోది మింగేస్తుంది. వానాకాలానికి జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే మరో సెన్సార్ తల తడిని తట్టుకుంటుంది, కానీ 20–25 సెం.మీ. లోపల ఉన్నదాన్ని సరిగా కొలవలేదు.

ఫోను జీపీఎస్‌తో మలుపులు కూడా చెప్పించాలనుకుంటే ఆ పని ఈ మోటారుకే అప్పగించకండి. సికింద్రాబాద్‌లో మొదలైన, వైబ్రేషన్‌తో దారి చెప్పే లేచల్ బూట్లు ఎడమ మలుపుకు ఎడమ కాలిని, కుడికి కుడి కాలిని తట్టేవి. ఎంత తేలికగా అర్థమయ్యే ఏర్పాటో చూడండి. ఇంట్లో చేసేవారు రెండు మణికట్లకు రెండు మోటార్లు కట్టవచ్చు. ఒకే ముంజేతి మీద పెడితే కనీసం 5 సెం.మీ. ఎడం ఉండాలి, లేకపోతే రెండూ ఒకటే అనిపిస్తాయి. ఫోను జీపీఎస్ తెరిచిన ఆకాశం కిందే 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో లైన్లు (వీధులు), అడ్డరోడ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి తట్టు 15 మీటర్ల ముందే రావాలి. మూలను కర్రతో గోడ వెంట వెతుక్కోవడం, దాటిన లైన్లు లెక్కపెట్టుకోవడం అక్కడి నుంచి నడిచేవారి పని.