మలేరియా రక్తహీనత: నాకు రెండుసార్లు మైనస్ మార్కు తెచ్చిన కేసు

నీట్ పీజీ రెండో అటెంప్ట్‌కి చదివే రోజుల్లో ఒక గ్రాండ్ టెస్ట్‌లో ఈ కేసు వచ్చింది. ఆరేళ్ల పాప, పది రోజులుగా చలిజ్వరం, స్మియర్‌లో (రక్తపు చుక్క స్లైడ్‌లో) ఫాల్సిపారం రకం మలేరియా పరాన్నజీవి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 15 శాతం, రెటిక్ (రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా పుట్టిన లేత ఎర్రకణాలు) 3 శాతం. రక్తకణాలు తయారుచేసే ఎముక మూలుగ స్పందన ఎలా ఉంది? మలేరియా అంటే ఎర్రకణాలు పగలడమే కదా, పైగా రెటిక్ 3 నార్మల్ కంటే ఎక్కువే కదా అని ‘సరిపడా ఉంది’ పెట్టేశాను. తప్పు. నెల తిరక్కుండానే అంకెలు మార్చి ఇంకో టెస్టులో ఇచ్చారు. మళ్లీ అదే పెట్టాను, మళ్లీ మైనస్ ఒకటి.

లెక్క వేసి ఉంటే సరిపోయేది. రెటిక్ 3ని హెమటోక్రిట్ 15తో హెచ్చించి, నార్మల్ హెమటోక్రిట్ 45తో భాగిస్తే 1. రక్తహీనత తీవ్రంగా ఉన్నప్పుడు పచ్చి రెటిక్‌లు మూలుగ నుంచి ముందే బయటికొచ్చి ఎక్కువ రోజులు రక్తంలో తిరుగుతాయి. అందుకని హెమటోక్రిట్ 15 దగ్గర ఇంకో 2.5తో భాగించాలి. వచ్చేది 0.4. రెండు దాటకపోతే మూలుగ చేతులెత్తేసినట్టే. ఈ పాప మూలుగ అసలు పరుగే మొదలెట్టలేదు.

ఎందుకు మొదలెట్టలేదన్నది నేను పాథాలజీలో ఎప్పుడూ చదవలేదు. మలేరియా పేజీని మైక్రోబయాలజీకి వదిలేశాను, ఎనీమియా చాప్టర్‌లో దాన్ని హీమోలైసిస్ కింద ఒక్క పదంగా బట్టీ పట్టాను. నిజానికి పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ని తిని వదిలిన హీమోజోయిన్ మూలుగలో పేరుకుని ఎర్రకణాల తయారీని అడ్డుకుంటుంది. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు దానికి తోడు. ఎర్రకణాలు తయారుచెయ్యమని మూలుగకి చెప్పే హార్మోన్ ఎరిత్రోపోయెటిన్ పిల్లల్లో చాలాసార్లు బాగానే పెరుగుతుంది, వినే నాథుడే ఉండడు. హెప్సిడిన్ అనే ఇంకో హార్మోన్ పెరిగి ఐరన్‌కి తాళం వేస్తుంది. 1980లో గాంబియా పిల్లల మూలుగ పరీక్షించినప్పుడు ఒక తమాషా కనబడింది: పరాన్నజీవులు తక్కువగా ఉండి జబ్బు చాలాకాలం సాగినవాళ్లలో ఎరిత్రాయిడ్ కణాలు (ఎర్రకణాలుగా మారాల్సినవి) గుంపులుగా ఉన్నాయి, కానీ న్యూక్లియస్‌లు చీలిపోయి, ముక్కలై, పక్క కణంతో వంతెన కట్టుకుని ఉన్నాయి. పని జరుగుతోంది, సరుకు బయటికి రావట్లేదు. డిస్‌ఎరిత్రోపోయెసిస్ అంటే అంతే.

ఇంకోటి. పగిలిపోయేవి పరాన్నజీవి ఉన్న కణాలే అనుకోకండి. అంతకంటే ఎన్నో రెట్లు మామూలు కణాల్ని ప్లీహం ఏరిపారేస్తుంది. స్మియర్‌లో పరాన్నజీవులు కొద్దిగానే ఉన్నా హిమోగ్లోబిన్ అడుగంటేది అందుకే.

ప్లేట్‌లెట్లకి మాత్రం ఇదే సూత్రం పెట్టకండి, అక్కడే ఇంకో గొయ్యి ఉంది. అవి పడిపోయినా మూలుగలో వాటిని తయారుచేసే మెగాకారియోసైట్లు మామూలుగానో ఎక్కువగానో ఉంటాయి. నష్టం బయట జరుగుతోంది.

హైదరాబాద్‌లో చదివినవాణ్ణి కాబట్టి దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్, సికింద్రాబాద్, 1897 ఆగస్టు 20 నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. దోమ పొట్టలో ఏముందో తెలుసు, మనిషి మూలుగలో ఏముందో తెలియదు! ఫాల్సిపారం గామెటోసైట్లు (మనిషి నుంచి దోమకి ఎక్కే రూపాలు) స్మియర్‌లో అరటిపండు ఆకారంలో ముదిరాకే ఎందుకు కనిపిస్తాయి? లేతవి సుమారు పది రోజులు మూలుగలో దాక్కుంటాయి గనుక. మలావీలో చనిపోయిన పిల్లల కణజాలం చూసి 2014లో దీన్ని గట్టిగా చూపించారు. మలేరియాలో ఇంకో రకమైన వైవాక్స్‌కి లేత రెటిక్‌లే కావాలి, అవి పుట్టేదే మూలుగలో. ప్రైమాక్విన్ అనే మలేరియా మందు ఫాల్సిపారంకి ఒక్క డోసు, వైవాక్స్‌కి 14 రోజులు ఎందుకో చదివేటప్పుడు మూలుగ గురించి రాసుకున్న కార్డు పక్కనే పెట్టుకున్నాను: మొదటిదాంట్లో గురి గామెటోసైట్ల మీద, రెండోదాంట్లో కాలేయంలో నిద్రపోయే హిప్నోజోయిట్ల మీద.

ఇంటర్న్‌షిప్‌లో పాడేరు వైపు పోస్టింగ్‌లో ఒక తల్లి అడిగింది: “జొరం తగ్గిపోయింది కదా డాక్టరుబాబూ, పిల్లోడింకా పాలిపోయే ఉన్నాడేటి?” స్లైడ్ నెగెటివ్ వచ్చి రెండ్రోజులైంది. ఐరన్ టానిక్ రాసి పంపేశాను. పరాన్నజీవి పోయాక మూలుగ తేరుకుని రెటిక్‌లు పెరగడానికి కొన్ని రోజులు పడుతుందని, వారం ఆగి మళ్లీ రక్తం చూపించమని అప్పుడే చెప్పి ఉండాల్సింది.