ఇంటి సర్వర్: ప్యాచ్ ఇవాళా, ఆదివారమా?

పర్లాకిమిడిలో మా ఇంట్లో పాత లాప్‌టాప్ మీద డెబియన్ 12 (లైనక్స్‌లో ఒక రకం)తో ఒక సర్వర్ నడుపుతున్నాను. ఇంటి ఫొటోలు, మావయ్య కిరాణా కొట్టు లెక్కలు అందులోనే. బ్యాటరీ ఇంకా బాగానే పనిచేస్తోంది కాబట్టి వేరే యూపీఎస్ కొనలేదు.

ఈ నెల తేల్చుకున్నది ప్యాచ్‌ల సంగతి, అంటే సాఫ్ట్‌వేర్ లోపాలకి వచ్చే సవరణలు ఎప్పుడు వేసుకోవాలన్నది. కొత్త వెర్షన్‌కి తొందర పడను, సెక్యూరిటీ ప్యాచ్‌కి ఆలస్యం చెయ్యను. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. 2024 మార్చిలో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ కోడ్ బయటపడింది. అది తగిలింది ఎక్కువగా కొత్తవాటి వెంట పరిగెత్తే టెస్టింగ్ లాంటి లైనక్స్ రకాలకి. డెబియన్ స్టేబుల్‌కి, అంటే బాగా పరీక్షించి విడుదల చేసే రకానికి (అప్పట్లో 12 అదే), అసలు చేరలేదు. స్టేబుల్‌లో చాలావరకు వెర్షన్ మార్చకుండా లోపం వరకే సరిచేసి పంపుతారు, అందుకే ధైర్యంగా వేసుకోవచ్చు.

అదే ఏడాది జూలై 1న, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో ఒక లోపం బయటపడింది. లాగిన్ కాకుండానే రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, దక్కే రకం. అది డెబియన్ 12లో ఉండేది, 11లో లేదు. అలాంటిది వస్తే అదే రోజు వెయ్యాల్సిందే, ఎందుకంటే నా ఎస్ఎస్‌హెచ్ బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉంది. ప్యాచ్ వేసేదాకా లాగిన్‌గ్రేస్‌టైమ్ (లాగిన్ పూర్తిచేయడానికి ఇచ్చే గడువు) సున్నా పెట్టి, అంటే గడువే లేకుండా చేసి, నెట్టుకురావచ్చన్నారు గానీ, అప్పుడు ఎవరైనా కనెక్షన్లన్నీ నింపేసి మనల్నే బయట నిలబెట్టగలరు.

లోపం ఎంత తీవ్రమో చెప్పడానికి పదికి ఇచ్చే స్కోరు చూసి టెన్షన్ పడటం మానేశాను. తొమ్మిది దాటినా, ఆ సర్వీసు నా దగ్గర లేకపోతే నాకేంటి? ఇప్పటికే దాడుల్లో వాడుతున్న లోపాల జాబితా ఒకటి అమెరికా ప్రభుత్వ సంస్థ సిసా పెడుతుంది. అందులో నా దగ్గరున్నది కనిపిస్తే మాత్రం స్కోరు ఎంతన్నది చూడను.

మిగతాదంతా ప్యాచ్‌లు తనంతట తానే వేసే అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది, సెక్యూరిటీ వరకే. రీబూట్ మాత్రం దానికి వదల్లేదు. వేసవి సాయంత్రాలు గాలివాన వచ్చిందంటే కరెంటు ఆడుకుంటుంది. "ఒరే, సంత రోజు మాత్రం దాని జోలికెళ్లకు" అని మావయ్య ముందే చెప్పాడు. అందుకని కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) మారితే ఆదివారం పొద్దున్నే, ముందు బ్యాకప్ తీసి రీబూట్ చేస్తాను. ప్రోగ్రామ్‌లు పంచుకునే లైబ్రరీలు మారితే, నీడ్‌రీస్టార్ట్ అనే టూల్ చూపించిన సర్వీసులు తిరిగి మొదలుపెడితే చాలు. పాత కెర్నల్‌ని వెంటనే తీసెయ్యను. కొత్తది లేవకపోతే, సిస్టమ్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో దాన్నే ఎంచుకోవచ్చు.

డెబియన్ 13కి మారడం సంక్రాంతి సెలవుల్లో, కొట్టు లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే.