గ్రిప్ మార్చిన నాలుగు నెలలు: రాయగడలో నా గోల్ఫ్ సాధన

జూన్ మొదటి వారంలో పాత గ్లవ్ పారేయబోతూ ఒకసారి తిరగేసి చూశాను. అరచేతి అడుగున, చిటికెన వేలికి సూటిగా కింద, రూపాయి బిళ్లంత చిల్లు పడి ఉంది. వేళ్ల దగ్గర తోలు మాత్రం కొన్నప్పటిలాగే ఉంది. ఇన్నాళ్లూ నా బంతి కుడివైపు ఎందుకు వంగిపోతోందో అప్పుడు తెలిసింది. క్లబ్బును, అంటే బంతిని కొట్టే కర్రను, నేను వేళ్లతో కాక అరచేత్తో పట్టుకుంటున్నాను. కొట్టిన ప్రతిసారీ పిడి అక్కడే ఒరుసుకుంటోంది.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో గోల్ఫర్ అదితి అశోక్ పతకానికి అంత దగ్గరగా వచ్చి నాలుగో స్థానంలో నిలిచిన శనివారం పొద్దున, టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. ఆ తర్వాతే ఒక పాత సెవెన్ ఐరన్ (లోహపు తల ఉన్న ఒక రకం క్లబ్బు) కొన్నాను. నేను ఆడేది గోల్ఫ్ మైదానంలో కాదు, ఇంటి వెనక ఖాళీ స్థలంలో. రెండు ఇనప గొట్టాలు పాతి నైలాన్ వల కట్టాను. వల వెనక పాత దుప్పటి వదులుగా వేలాడదీశాను. బిగించి కడితే బంతి తిరిగి మన మీదికే వస్తుంది, వదులుగా ఉంటే అక్కడే జారి కింద పడుతుంది. దుప్పటి మీద సుద్దముక్కతో నిలువు గీత గీసి, పది అడుగుల దూరం నుంచి కొడతాను. బంతి మొదట ఏ దిక్కుకు బయల్దేరుతుందన్నది ఎక్కువగా క్లబ్ ఫేస్ (బంతికి తగిలే చదునైన ముఖం) చూసే దిక్కును బట్టే ఉంటుంది. కాబట్టి గీతకు ఎంత పక్కన తగిలిందో చూస్తే ఫేస్ సంగతి చాలావరకు తెలిసిపోతుంది. మొదటి రోజు 30 బంతుల్లో గీతకు జానెడు లోపల పడ్డవి 9. మిగతావి దాదాపు అన్నీ కుడివైపే.

అసలు మలుపు తిప్పింది మా కిటికీలు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి. కాసేపు నిలబడి చూసి, తన బాడిస నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. నేను పిడికిలి బిగించి పట్టుకున్నాను. "అలా పిండేయకండి మాస్టారూ. పిడి అరచేతిలోకి పోతే మణికట్టు తిరగదు. వేళ్లలో ఉంచండి" అన్నాడు. ఆయన చెయ్యి దగ్గరగా చూశాను. పిడి వేళ్ల మొదళ్ల మీదుగా ఏటవాలుగా పోతోంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు గట్టిగా ఉన్నాయి. చూపుడు వేలు, బొటనవేలు ఊరికే ఆనించి ఉన్నాయంతే. గోల్ఫ్‌లో ఎడమ చేతికి చెప్పేదీ అదే.

ఆ సాయంత్రమే కొత్త గ్లవ్ మీద బాల్ పెన్నుతో ఒక గీత గీశాను. చూపుడు వేలి మధ్య కణుపు దగ్గర మొదలై చిటికెన వేలి మొదలు దాకా ఏటవాలుగా. పట్టుకునే ముందు పిడి ఆ గీత మీద ఆనాలి. తర్వాత అరచేతి అంచున ఉండే కండ పిడి పైకి వచ్చేలా చెయ్యి మూయాలి. కిందికి చూస్తే ఎడమ చేతి మెటికలు రెండు కనబడాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య మడత గడ్డానికీ కుడి భుజానికీ నడుమ చూపాలి. కుడి చేతిని కూడా వేళ్లతోనే పట్టి, అరచేతి గుంటతో ఎడమ బొటనవేలిని కప్పేయాలి. ఇది చదవడానికి అర నిమిషం. చేతికి అలవాటు కావడానికి నాకు మూడు వారాలు పట్టింది. రోజూ రాత్రి వార్తలు చూస్తూ బంతి లేకుండా యాభై సార్లు పట్టుకుని వదిలేవాణ్ణి.

మొదట్లో అతి చేశాను. స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) పోవాలన్న ఆత్రంలో ఎడమ చేతిని ఇంకా కుడికి తిప్పి, మూడు మెటికలకు మించి కనబడేలా పట్టుకున్నాను. బంతులన్నీ గీతకు ఎడమ పక్కన పడ్డాయి, ఫేస్ మూసుకుపోతోంది. ఆ వారమంతా టెన్షనే. రెండు మెటికలకు వెనక్కి వచ్చాకే కుదుటపడింది. నా అభిప్రాయంలో ఒకసారి అటు పోయి రావడం మంచిదే, చెయ్యి ఎంత తిరిగితే బంతి ఎంత తిరుగుతుందో ఒంటికి తెలుస్తుంది.

చేతుల్ని జత చేసే పద్ధతి కూడా మార్చాను. కుడి చిటికెన వేలిని ఎడమ చేతి వేళ్ల మీద పెట్టే ఓవర్‌ల్యాప్ పద్ధతికి హ్యారీ వార్డన్ పేరుంది. ఆయన ది ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ 6 సార్లు గెలిచిన ఆటగాడు. నా వేళ్లు పొట్టివి, చిటికెన వేలు జారిపోయేది. అందుకని జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ వాడిన ఇంటర్‌లాక్ పద్ధతికి మారాను, చిటికెన వేలినీ ఎడమ చూపుడు వేలినీ ముడేసి. వారం రోజులు వేళ్ల సందు నొప్పి పుట్టింది, తర్వాత పోయింది.

జులైలో ఉక్కపోత మొదలయ్యేసరికి పిడి జారడం, జారుతుందేమోనని నేను బిగించడం. బిగిస్తే మోచేతుల దాకా బిగుసుకుపోయి మణికట్టు వంగదు. పిడి మీది పాత రబ్బరు తొడుగు నున్నబడిపోయిందని ఆ తొడుగును (దాన్నీ గ్రిప్ అనే అంటారు) నేనే మార్చాను. పాత రబ్బరును బ్లేడుతో పొడుగునా కోసి, టేపు జిగురంతా గీకేసి, కొత్త డబుల్ సైడ్ టేప్ చుట్టాను. పెయింట్ షాపులో తెచ్చిన టర్పెంటైన్ గ్రిప్ లోపలా టేప్ మీదా పోసి తోశాను. మొదటిసారి తక్కువ పోశాను, సగంలోనే పట్టేసింది, కోసి పారేయాల్సి వచ్చింది. రెండోసారి ధారాళంగా పోస్తే ఒక్క తోపులో దిగిపోయింది. పోసేటప్పుడు గ్రిప్ చివరి చిన్న రంధ్రాన్ని వేలితో మూయాలి. వెంటనే గ్రిప్ మీది గుర్తులు ఫేస్‌కు సూటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఆరిపోతే కదలదు. ఆ రాత్రంతా ముట్టుకోలేదు. ఇప్పుడు వారానికోసారి సబ్బు నీళ్లూ పాత టూత్‌బ్రష్షూ పెట్టి రుద్ది ఆరబెడుతున్నాను. ఇంతకన్నా చవకైన మెరుగుదల ఇంకోటి లేదు.

బంతి ఫేస్‌లో ఎక్కడ తగులుతోందో చూడటానికి ఫేస్ మీద ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా అద్దుతాను. జూన్‌లో గుండ్రటి మచ్చలు ఫేస్ అంతా చెల్లాచెదురుగా ఉండేవి. సెప్టెంబరు చివరికి చాలావరకు మధ్యలో, కొంచెం మడమ వైపు, అంటే ఫేస్‌లో కర్రకు దగ్గరి అంచు వైపు, పడుతున్నాయి. అదే లెక్కన 30 బంతుల్లో 21 గీతకు జానెడు లోపల పడ్డాయి.

అయినా వలలో బంతి వంపు కనబడదు. దసరా సెలవుల్లో రైలెక్కి విజయనగరం మీదుగా విశాఖ వెళ్లి, మా బావమరిదితో కలిసి ఆరుబయట కొట్టాను. సెవెన్ ఐరన్‌తో మొదటి మూడు బంతులూ సూటిగా లేచాయి. నాలుగోది కుడికి వంగింది. చేతులు చూసుకుంటే మెటిక ఒక్కటే కనబడుతోంది. సరిచేసుకుని కొడితే మళ్లీ దారిలో పడింది. తప్పు ఎక్కడుందో బంతి కింద పడేలోపే తెలియడం నాకు అదే మొదటిసారి. డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడుగాటి క్లబ్బు) కొడితే మాత్రం బంతి ఇంకా కుడికే పోతోంది. దాని మీది రబ్బరు పాతదే, ఈ ఆదివారం మార్చాలి.