లావుకు ఫేయ్, బక్కకు సవ్

తెలుగులో గెడ అంటే పొడవాటి కర్ర. సన్నగా, పొడుగ్గా సాగిన కుర్రాణ్ని గెడలా ఉన్నాడంటాం. బరంపురం బజారులో ఒడియావాళ్లు గేడా అన్నారంటే మాత్రం పొట్టివాడని. పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువాళ్లకు ఇలాంటి తేడాలు చెవికి అలవాటే. హాంకాంగ్‌వాళ్లు మాట్లాడే చైనా భాష కాంటనీస్‌లో ఒంటి తీరు చెప్పే మాటలు నేర్చుకోవడానికి ఆ చెవే పెట్టుబడి.

లావుకు ఫేయ్. గొంతు కిందికి దించుతూ పలకాలి. పైస్థాయిలో నిలిపేస్తే 'ఎగరడం' అవుతుంది. బక్కకు సవ్, మధ్యస్థాయిలో చదునుగా. చివర పైకి లేపితే 'చెయ్యి'. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: ప్రశ్న అడిగేటప్పుడు మాట చివర గొంతు లేపడం మనకు సహజం, అక్కడ అలా లేపితే ఏకంగా మాటే మారిపోతుంది.

ఫేయ్ దానంతటది తిట్టు కాదు, వెనకాల చేరే తోకను బట్టి ఉంటుంది. జయ్ చేరితే బొద్దబ్బాయి, ముయ్ చేరితే బొద్దమ్మాయి. దగ్గరివాళ్ల మధ్య ముద్దుమాటలే. పో చేరిస్తే ఆడమనిషిని మోటుగా అన్నట్టే, కొత్తవాళ్లు దాని జోలికి పోకూడదు. హాంకాంగ్ నటి లిడియా షమ్‌ను 2008లో ఆమె పోయేదాకా జనం ఫేయ్‌ఫేయ్ అనే ప్రేమగా పిలుచుకున్నారు. మగవాడికి చేరే లోవ్‌తో ఇంకో తిరకాసు ఉంది. ఫేయ్‌లోవ్ అంటే లావుపాటి మనిషి, పరీక్ష తప్పడం కూడా. రెండోది ఇంగ్లిష్ 'ఫెయిల్' నుంచి వచ్చింది.

మనం బొద్దుబొద్దుగా, సన్నసన్నగా అని మాటనే రెట్టిస్తాం. వాళ్లు మాటను ఒకసారే అని తోకను రెట్టించడమూ ఉంది. సవ్ మాంగ్ మాంగ్ అంటే మిడతలా ఎండిపోయినవాడు. నడుం చుట్టూ మడతపడ్డ కొవ్వు సి‑బే‑థాయ్, అంటే బండికి పెట్టుకునే స్పేర్ టైరు.

అన్నిటికన్నా అందమైన మాట పొడుగూ పొట్టీ జంట గురించి: 'దీపస్తంభానికి ఎలుకల పెట్టె తగిలించినట్టు'. 1894లో ప్లేగు వచ్చిన హాంకాంగ్‌లో, ఆ తర్వాతి ఏళ్లలో చచ్చిన ఎలుకలు వేయడానికి స్తంభాలకు పెట్టెలు కట్టారు. ఆ భయం పోయినా పోలిక మిగిలింది.

చాన్నాళ్లకు కనబడ్డవాళ్లతో ఫేయ్ జో అంటే 'ఒళ్లు చేశావు', సవ్ జో అంటే 'చిక్కిపోయావు'. జో అంటే అయిపోయిందని గుర్తు. మన పెళ్లిళ్లలో అత్తయ్యలు చెయ్యి పట్టుకుని అనే మాటలే ఇవి, అక్కడా ఆ చనువున్నవాళ్లే అనాలి. నడివయసువారిని మర్యాదగా అనాలంటే ఫాత్‌ఫుక్, భాగ్యం పట్టిందన్న అర్థంలో.

ఇవే మాటలు మాంసం కొట్లోనూ పనికొస్తాయి. కాల్చిన పంది మాంసం అడిగేటప్పుడు బున్ ఫేయ్ సవ్ అంటే కొవ్వు సగం, కండ సగం ఉన్న ముక్క కోసి ఇస్తారు.