చూడకుండా "నార్మల్" అని రాసేశా

మెడికల్ కాలేజీలో వార్డు పోస్టింగ్స్‌కి (వార్డుల్లో పేషెంట్లని చూసి నేర్చుకునే రోజులు) ముందు ప్రతి బ్యాచ్‌కీ ప్రొఫెషనలిజం మీద ఒక క్లాసు ఉంటుంది. టైముకి రండి, ఏప్రన్ వేసుకోండి, ఐడీ కార్డు కనపడాలి, గోళ్ళు కత్తిరించుకోండి... స్టూడెంట్‌గా ఉన్నప్పుడు నేను వెనక బెంచీలో కూర్చుని కునుకు తీసిన క్లాసే అది, ఇప్పుడు అదే క్లాసు నాతో చెప్పిస్తున్నారు, నా ఖర్మ.

ఆ లిస్టులో సగం ఎవరికైనా వారంలో వచ్చేస్తుంది. నాకు మాత్రం "మేడమ్, అది నేను చూడలేదు" అనే ఒక్క ముక్క నోట్లోంచి రావడానికి రెండేళ్ళు పట్టింది.

స్టూడెంట్‌గా మెడిసిన్ పోస్టింగ్‌లో ఉన్నప్పటి మాట, ఒక రోజు కేసు ప్రెజెంట్ చేయాల్సింది నేనే. హిస్టరీ తీసుకున్నా, పొట్ట చూశా, లంగ్స్ విన్నా, గుండె దగ్గరికొచ్చేసరికి మాకు పాఠం చెప్పే మేడమ్ రౌండ్స్ మొదలైపోయాయి. ఇంకేముంది, "ఎస్1 ఎస్2 వినిపిస్తున్నాయి, మర్మర్స్ లేవు" అని, అంటే గుండె మామూలు చప్పుళ్ళు రెండూ ఉన్నాయి, అదనపు శబ్దాలేం లేవని, పక్క బెడ్ కేస్ షీట్‌లో ఉన్న లైనే దించేశా. మేడమ్ ఏమీ అనకుండా పేషెంట్ ఛాతీ మీద స్టెత్ పెట్టి, కాసేపు విని, ఇయర్‌పీసులు తీసి నా చెవులకి తగిలించారు. ఏపెక్స్ (గుండె కింది కొన) దగ్గర ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నట్టు పాన్‌సిస్టాలిక్ మర్మర్ (గుండె ముడుచుకున్నంతసేపూ వినిపించే శబ్దం, వాల్వ్ లీకవుతోందనడానికి గుర్తు), ఎంత క్లియర్‌గా ఉందో. అది చాలదన్నట్టు ఆ పెద్దాయన "ఈ బాబు ఇందాక ఇక్కడ పెట్టి చూళ్ళేదమ్మా" అన్నాడు.

మేడమ్ అందరి ముందూ తిట్టలేదు. తర్వాత పక్కకి పిలిచి, "నువ్వు రాసింది నమ్మి రాత్రి డ్యూటీ డాక్టర్ గబగబా రెండు సెలైన్ బాటిల్స్ ఎక్కిస్తే ఆయన ఊపిరితిత్తుల్లోకి నీరు చేరదా?" అని అడిగారు, అంతే.

ఇదేదో నా ఒక్కడి సెంటిమెంట్ అనుకోకండి. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది. అమెరికాలో డాక్టర్లకి లైసెన్సులిచ్చే మెడికల్ బోర్డుల చర్యలకి గురైన 235 మంది డాక్టర్ల కాలేజీ రికార్డులు తిరగేస్తే, మిగతావాళ్ళతో పోల్చినప్పుడు స్టూడెంట్‌గా ఉన్నప్పుడే అన్‌ప్రొఫెషనల్‌గా ప్రవర్తించిన దాఖలాలు దాదాపు మూడు రెట్లు కనిపించాయి, అందులోనూ బాధ్యత లేకపోవడం బాగా ఎక్కువ. మార్కులకి మాత్రం అంత గట్టి సంబంధం లేదట, బ్యాక్ బెంచర్లు ఊపిరి పీల్చుకోవచ్చు.

చేతులు కడుక్కోమంటే మొహం చిట్లించేవాళ్ళకి నేను 1847 వియన్నా కథ చెప్తా. శవపరీక్ష గదిలోంచి డాక్టర్లు, స్టూడెంట్లు నేరుగా కాన్పుల వార్డుకి వెళ్ళేవాళ్ళు, తల్లులు జ్వరంతో చనిపోయేవాళ్ళు. అక్కడి డాక్టర్ సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాక చావులు నూటికి 18 నుంచి రెండు నెలల్లో 2 దగ్గరికి పడిపోయాయి. అంటే అక్కడ జబ్బు మోసుకెళ్ళింది మనలాంటి డాక్టర్లూ, స్టూడెంట్లే.

లిఫ్ట్‌లో కేసు గురించి మాట్లాడొద్దు, ఎక్స్‌రే ఫొటో గ్రూపులో పెట్టొద్దు, ఇవి మీకూ తెలుసు. "డాక్టర్‌ని" అని కాదు "స్టూడెంట్‌ని" అని చెప్పుకోవాలి, పేషెంట్ చూడొద్దంటే మారుమాట లేకుండా పక్కకి తప్పుకోవాలి. చాలామందికి ఇక్కడే ఈగో అడ్డొస్తుంది.

మొన్న ఒకమ్మాయి కేసు చెప్తూ రిఫ్లెక్సెస్ (చిన్న హ్యామర్‌తో మోకాలి దగ్గర తట్టి కాలు ఎగురుతుందా అని చూడటం లాంటివి) దగ్గర ఆగిపోయి, "సార్, చూడలేదు, హ్యామర్ మర్చిపోయా" అంది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నా జేబులోంచి హ్యామర్ తీసి ఇచ్చి ఇప్పుడు చూడమన్నా, చక్కగా చూసి చెప్పింది. హ్యామర్ మాత్రం ఇంకా తిరిగి ఇవ్వలేదు.