అక్క దినార్లు

శుక్రవారం. అక్కకు కాస్త తీరిక దొరికేది ఈ రోజే. పొద్దున్నే కువైట్ నుంచి ఫోన్ చేసింది. "ఒరే, దినార్ రేటు చూసినావా? బాగా పెరిగింది. ఈ రోజే డబ్బులు వేస్తాండా" అంది. మా రాజంపేట వైపు ఈ మాట వాన కబురులా ఇంటింటికీ పాకుతుంది. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే. కానీ ఒక ప్రశ్న రోజంతా వదల్లేదు: అక్క జీతం చాలా కాలంగా అన్నే దినార్లు, మరి ఇక్కడ పెరిగిందేమిటి?

ఒకప్పుడు కువైట్‌లో చెల్లింది మన రూపాయే. అక్కడ బంగారం చవక, ఇక్కడ ఖరీదు. రూపాయలు దొంగచాటుగా అక్కడికి పోయి, బంగారమై తిరిగొచ్చేవి. ఆ రూపాయలు చివరికి రిజర్వ్ బ్యాంకుకే చేరేవి, బదులుగా మనం పౌండ్లు ఇచ్చుకోవాల్సి వచ్చేది. విదేశీ నిల్వలు అలా కరిగిపోతుంటే, 1959లో గల్ఫ్ కోసమే విడిగా నోట్లు తెచ్చారు. విలువ అదే, రంగు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం. మన అంగళ్లలో అవి చెల్లవు.

1961 ఏప్రిల్‌లో కువైట్ సొంత దినార్ తెచ్చుకుంది. దినారంటే ఒక పౌండు, మన లెక్కలో 13 రూపాయల 33 పైసలు. సరైన సమయానికే బయటపడ్డారు. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4.76 నుంచి 7.50కి, పౌండు 21 రూపాయలకు చేరాయి. గల్ఫ్ రూపాయి మన రూపాయికే ముడిపడి ఉండడంతో, దాన్ని ఇంకా వాడుతున్న ఖతార్, దుబాయ్ వాళ్లు అప్పుడే వదిలేసుకున్నారు. ఒమన్ మాత్రం 1970 దాకా లాక్కొచ్చింది.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మనవాళ్లు లక్షకు పైగా ఉన్నపళంగా తిరిగొచ్చారు. విముక్తి తర్వాత, 1991 మార్చిలో, కువైట్ కొత్త నోట్లు తెచ్చింది. ఆ యుద్ధమే మన చమురు బిల్లు పెంచింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుకు గండి కొట్టింది. అప్పటికే అప్పుల్లో ఉన్న దేశం 1991 జూలై మొదటి వారంలో రూపాయిని రెండుసార్లు తగ్గించాల్సి వచ్చింది. కష్టపడి సంపాదించినదంతా అక్కడే వదిలేసి వచ్చిన వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మధ్యాహ్నం లెక్క వేసి చూశాను. 1961లో దినారుకు 2.80 డాలర్లు. ఇప్పుడు మూడు డాలర్ల పైచిలుకు. అరవై ఏళ్లలో అది కదిలింది అంతే. కొన్ని కరెన్సీల కలగలుపుకు దాన్ని కట్టి ఉంచుతారు కాబట్టి ఊగిసలాట తక్కువ. రూపాయల్లో మాత్రం 13 నుంచి 270 దాటింది. అంటే ఈ దూరమంతా దాదాపు మన రూపాయి దిగుతూ వచ్చినదే. చమురు ధర పెరిగితే కొనడానికి మనకు డాలర్లు ఎక్కువ కావాలి, రూపాయి ఇంకొంచెం జారుతుంది. ఆ చమురులో కొంత కువైట్‌దే.

అయితే ఇంటికి లాభం లేదా? అప్పుకు ఉంది. బాకీ రూపాయల్లో రాసుకున్నది, అది మారదు. అవే దినార్లతో ఎక్కువ అసలు తీరుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ నెల కూలి డబ్బుల టెన్షన్ కాస్త తగ్గుతుంది. పాప పెళ్లి నగలకు మాత్రం ఏమీ మిగలదు. ప్రపంచంలో బంగారానికి ధర కట్టేది డాలర్లలో. రూపాయి ఎంత పడితే ఇక్కడ బంగారం అంత పెరుగుతుంది. పెరిగిన రేటు చేతికి రాకముందే నగల అంగడికి పోయినట్టే.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి అక్కతో ఇదే చెప్పాను. "ఈ నెల వేసేది మొత్తం అప్పుకే కడదాం అక్కా. బంగారం కోసం దాచేది దినార్లలోనే ఉంచుకో, రూపాయల్లోకి మార్చొద్దు." కాసేపు ఆలోచించి, "సరే, వడ్డీ ఎంతుందో కనుక్కొని చెప్పు" అంది. రేపు పొద్దున బ్యాంకుకు వెళ్లాలి.