ఎస్ఓఎస్ ఎర్ర లైటు ఆరలేదు: రెండు లోపాలు, ఒకటే వార్నింగ్

బండి స్టార్ట్ చేయగానే పైన ఎస్ఓఎస్ బటన్ (ఆపదలో సాయానికి కాల్ చేసేది) పక్కన చిన్న ఎర్ర లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతుంది, దాని చోట ఆకుపచ్చది వెలుగుతుంది. సిస్టమ్ తనను తాను పరీక్షించుకోవడం అది. ఆ రోజు ఎరుపు ఆరలేదు. డ్యాష్‌బోర్డు మీద ‘ఎమర్జెన్సీ కాల్ పనిచేయడం లేదు’ అని వచ్చింది. ఇంజిన్, బ్రేకులు, ఏసీ అన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి తర్వాత చూద్దాంలే అని వదిలేయడం తేలిక. నాకు మనసొప్పలేదు. మా ఆవిడ వారానికి నాలుగు రాత్రులు డ్యూటీ ముగించుకుని ఒంటరిగా హైవే మీద వస్తుంది. ఆ బటన్ ఉన్న బండే కావాలని పట్టుబట్టి కొన్నది అందుకే.

సర్వీస్ సెంటర్‌లో ఐదు నిమిషాల్లో తేల్చేశారు, ఎమర్జెన్సీ కాల్ కంట్రోల్ యూనిట్ మొత్తం మార్చాలని. లోపం ఏమిటో సూచించే కోడ్ ఏది వచ్చిందని అడిగితే, ‘యూనిట్ ఫాల్ట్ సార్, మారిస్తే పోతుంది’ అన్నారు. ఆ కోడ్ కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు. బండి తీసుకుని వచ్చేశాను.

బండిలోని లోపాల కోడ్‌లు చదివే చిన్న స్కానర్ నా దగ్గరుంది, అది తగిలిస్తే లోపాలేవీ లేవంది. అలాంటివి సాధారణంగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, ఎమర్జెన్సీ కాల్ యూనిట్ దాకా వెళ్లవు. బండ్ల ఎలక్ట్రికల్ పని చేసే మా తమ్ముడి స్నేహితుడిని పిలిచాను. అతని పెద్ద స్కానర్ అన్ని యూనిట్‌లతోనూ మాట్లాడుతుంది. రెండు కోడ్‌లు కనిపించాయి. ఒకటి ‘బ్యాకప్ బ్యాటరీ’, ఇప్పుడు ఉన్నది. రెండోది ‘యాంటెనా సర్క్యూట్’, అప్పుడప్పుడు వచ్చి పోయేది. ఆ రెండోదాన్ని మేం పట్టించుకోలేదు. అది తప్పని తర్వాత తెలిసింది.

ఈ సిస్టమ్‌కు సొంతంగా బ్యాటరీ ఎందుకో తెలిస్తే ఆ కోడ్ బరువు తెలుస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్తగా ఆమోదం పొందే కార్ల మోడళ్లకు ఈ సిస్టమ్ తప్పనిసరి. గట్టిగా గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ యూనిట్ నుంచి సంకేతం వస్తుంది, బండే అత్యవసర నంబరు 112కు కాల్ చేస్తుంది. ఎక్కడుంది, ఏ దిశలో వెళ్తోంది, ఎన్ని గంటలకు, ఏ బండి, ఏ ఇంధనం అన్న వివరాలన్నీ 140 బైట్లలో సర్ది, మా బండి లాంటివి ఆ ఫోన్ కాల్‌లోనే శబ్దాల రూపంలో పంపుతాయి. ఈ పద్ధతికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ తర్వాత మైకు, స్పీకరు తెరుచుకుంటాయి. గుద్దుడికి బానెట్ కింద మెయిన్ బ్యాటరీ వైరు తెగిపోతే? ఇదంతా ఆ చిన్న బ్యాకప్ బ్యాటరీ ప్యాక్ మీదే నడవాలి.

మెయిన్ బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్‌బ్యాగ్‌లలో మిగిలిన కరెంటు పోయేదాకా కాసేపు ఆగి, డ్యాష్‌బోర్డు వెనకున్న యూనిట్ బయటికి తీశాం. ప్యాక్ మీద 3.6 వోల్టులని ఉంది. మల్టీమీటర్ 3.7 చూపించింది. ‘బాగానే ఉంది కదా’ అన్నాను. ‘ఆగన్నా, పని చెప్పి చూద్దాం’ అంటూ చిన్న బల్బు కలిపాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది, మీటరు 2.4కు జారిపోయింది. వయసైపోయిన బ్యాటరీ పని లేనప్పుడు నిండుగానే కనిపిస్తుంది, లోడ్ పడితేనే బయటపడుతుంది. కొలవడానికి పది నిమిషాలు పట్టలేదు. యూనిట్ మొత్తం మార్చమన్న చోట ఈ పని ఎందుకు చేయలేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అదే రకం కొత్త ప్యాక్ వేశాం. ఇందులో రాజీ వద్దు. విడి సెల్స్ కొని అతికించడం, లోపల వేరే రసాయనాలున్న బ్యాటరీ పెట్టడం ప్రమాదం, యూనిట్ ఛార్జ్ చేసే తీరు వేరుగా ఉంటుంది. మా బండిలో బ్యాటరీ వయసు లెక్క యూనిట్‌లోనే ఉంటుంది, దాన్ని స్కానర్‌తో సున్నా చేయాల్సి వచ్చింది. లైటు ఆకుపచ్చగా మారింది.

పదకొండో రోజు పెద్ద వాన కురిసింది. మర్నాడు పొద్దున మళ్లీ ఎర్ర లైటు.

ఈసారి ఒకటే కోడ్, యాంటెనా సర్క్యూట్. మా బండి సిస్టమ్ మామూలు వేళల్లో నెట్‌వర్క్‌లో ఉండదు, కాల్ అవసరమైనప్పుడే కనెక్ట్ అవుతుంది. కాబట్టి సిగ్నల్ చూసి యాంటెనా బాగుందో లేదో చెప్పడం దానికి కుదరదు. కేబుల్‌లోకి కాస్త కరెంటు పంపి దారి పూర్తిగా ఉందా అని చూస్తుంది. ఆ దారి వానకు తెగుతోందంటే నీళ్లు ఎక్కడినుంచో దిగుతున్నాయన్నమాట.

వెనక రూఫ్ లైనింగ్ నెమ్మదిగా దించాం. అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉంటాయి, మళ్లీ బ్యాటరీ తీసే చేశాం. పైనున్న యాంటెనా అడుగున బట్టలో రూపాయి బిళ్లంత మరక. రెండు కనెక్టర్‌లు ఉన్నాయి. నీలం రంగుది జీపీఎస్, అది శుభ్రంగా ఉంది. ముదురు ఎరుపుది ఫోన్ కేబుల్, దాన్ని లాగగానే మధ్య పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. గోటితో గీస్తే పొడి రాలింది. నీళ్లు దిగకుండా యాంటెనా కింద ఉండే రబ్బరు గ్యాస్కెట్ ఒక మూల ఎండి చీలింది.

గ్యాస్కెట్ కొత్తది వేశాం. కనెక్టర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి చూశాం కానీ పిన్ను సన్నబడిపోయింది, ఆ కేబుల్ ముక్కే మార్చేశాం. గంటసేపు పైపుతో నీళ్లు పోసి, లోపల టిష్యూ కాగితం అదిమి చూశాను. పొడిగానే ఉంది.

పరీక్ష కోసం ఎస్ఓఎస్ బటన్ నొక్కకండి. అవతల నిజమైన ఆపరేటర్ ఎత్తుతారు, నిజంగా ఆపదలో ఉన్నవాళ్ల లైను మనం పట్టుకున్నట్టు అవుతుంది. స్కానర్‌లో టెస్ట్ మోడ్ ఉంది. మైకులో మాట్లాడితే మన మాటే స్పీకర్లో తిరిగి వినిపిస్తుంది. ‘వినిపిస్తోందా’ అన్నాను. నా గొంతే తిరిగి అడిగింది.

ఆ తర్వాత మూడు పెద్ద వానలు పడ్డాయి. లైటు ఆకుపచ్చగానే ఉంది. ప్యాక్ మార్చిన తేదీ రాసి గ్లవ్ బాక్స్ మూతకు లోపలివైపు అంటించాను. పాత కనెక్టర్ కూడా చిన్న కవరులో పెట్టి అందులోనే ఉంచాను, రేపు ఎవరైనా బండి రిపేరుకు చేయి పెడితే ఏం జరిగిందో చూపించడానికి.